జీపులు వెళ్ళిపోయాక వచ్చిన ఇంగ్లీషు

"సార్, మీకు ఇంగ్లీషు అంత బాగా ఎలా వచ్చింది? మాకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాయండి" అని మా వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చి అడిగారు. కాఫీ తాగి, నవ్వుకుంటూ వెళ్ళారు. నాకు మాత్రం ఆ రోజంతా కోపం తగ్గలేదు. వాళ్ళ మీద కాదు, మంచి పిల్లలే. నాకు ఇంగ్లీషు ఎలా వచ్చిందో తలుచుకుంటే కోపం దానంతటదే వస్తుంది. కాబట్టి నా దగ్గర చిట్కాలు ఆశించకండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. అందులో చిట్కా ఏదైనా కనిపిస్తే మీరే ఏరుకోండి.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను బడిలో తెలుగులోనే చదివి, గ్రామసేవకుల శిక్షణ పూర్తి చేసి, డెబ్బైల మొదట్లో ఉద్యోగంలో చేరాను. నాలుగేళ్ళకు వ్యవసాయ విస్తరణాధికారినై కుందుర్పి వైపు పల్లెలు చూసుకునే సమితి ఆఫీసుకు వచ్చాను. ఇప్పటి మండలాలు అప్పటికింకా లేవు, సమితులే. హోదా పేరు పెద్దదే గానీ చేసేది సైకిలు తొక్కడం. ఏ పల్లెలో ఎప్పుడు వాన పడింది, ఎవరి చేను ఎప్పుడు విత్తారు, ఎక్కడ పురుగు పట్టింది, అడిగితే కాగితం చూడకుండా చెప్పేవాణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ రోజు నేను చేసిన తప్పు పని తెలియక చేసింది కాదని మీకు తెలియాలి, అందుకే చెబుతున్నాను.

మా ఆఫీసులో ఇంగ్లీషు అంటే కాగితం మీద ఉండే వస్తువు. మా సూపరింటెండెంటు రాసే ఉత్తరాలకు జిల్లాలో పెద్ద పేరు. ఒక్క వాక్యంతో పేజీ నింపేవాడు. అలాంటివాణ్ణి ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన ఎవరో ఇంజనీరు తాగే నీళ్ళు ఎక్కడున్నాయని ఇంగ్లీషులో అడిగితే, లేచి నిలబడి, చెమటలు తుడుచుకుని, అటెండరు వైపు వేలు చూపించాడు. మేం నవ్వితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఇంగ్లీషు రాసేదప్పా, మాట్లాడేది కాదు. మాట్లాడేదానికి కలెక్టరుండాడు" అనేవాడు.

నేనూ అదే కోవ. చదివితే అర్థమయ్యేది, ఎవరైనా మాట్లాడితే అర్థమయ్యేది, రాయమంటే రాసేవాణ్ణి. మాట్లాడమంటే మాత్రం ముందు తెలుగులో మాట కట్టుకునేవాణ్ణి. తర్వాత ఒక్కొక్క మాటనూ ఇంగ్లీషులోకి మార్చుకునేవాణ్ణి. చివర ఉన్నది ముందుకు తెచ్చి, ముందున్నది వెనక్కి తోసి, ఒకసారి లోపల చెప్పి చూసుకుని నోరు తెరిచేసరికి, ఎదుటివాడు ఇంకో విషయానికి వెళ్ళిపోయేవాడు. అదొక లోపమని కూడా నాకు అప్పట్లో అనిపించలేదు. అందరూ అలాగే ఉన్నారు కదా అనుకున్నాను. అందరూ అలాగే ఉండటం ఎంత ప్రమాదమో తెలియాలంటే ఒక కరువు రావాలి. వచ్చింది.

ఆ ఏడు జరిగింది జాగ్రత్తగా వినండి. అసలు కథంతా అక్కడే ఉంది. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. జూలైలో మంచి పదునులో బుడ్డలు విత్తారు. మొలక బాగా వచ్చింది. సరిగ్గా పూత పూసే సమయానికి వాన మొహం చాటేసింది. నలభై రోజులు చుక్క లేదు. వేరుశనగ పువ్వు నుంచి ఊడ దిగి, నేలలోకి చొచ్చుకుపోయి, అక్కడ కాయ అవుతుంది. నేల రాయిలా బిగుసుకుపోతే ఊడ దిగదు, కాయ పట్టదు. అంతా అయిపోయాక, అక్టోబరులో రెండు వానలు పడ్డాయి. ఎండిపోతున్న మొక్కలు మళ్ళీ ఆకు తొడిగాయి. నవంబరుకల్లా చేలన్నీ పచ్చగా తయారయ్యాయి. రోడ్డు మీద నుంచి చూసేవాడికి బంగారు పంట. పీకి చూసేవాడికి ఏమీ లేదు. ఎండిన కరువు కంటే ఈ పచ్చ కరువు చెడ్డది. ఎండిన కరువును గుడ్డివాడు కూడా నమ్ముతాడు.

ఢిల్లీ నుంచి కరువు పరిశీలన బృందం వస్తోందన్నారు. వాళ్ళు ఒప్పుకుంటేనే మా ఫిర్కా, అంటే మా చుట్టుపక్కల పల్లెలన్నీ కలిసిన రెవెన్యూ భాగం, కరువు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కితే పశువులకు గడ్డి డిపో పెడతారు, జనానికి చెరువు పనో రోడ్డు పనో వస్తుంది. ఎక్కకపోతే ఊళ్ళు ఖాళీ అవుతాయి. జిల్లా నుంచి మా పై అధికారి రెండు రోజుల ముందే వచ్చి, నాటకానికి చేయించినట్టు అందరి చేతా రిహార్సల్ చేయించాడు. ఏ చేను దగ్గర జీపులు ఆగాలి, ఏ రైతు నిలబడాలి, అన్నీ చెప్పాడు. రైతు తెలుగులో చెప్పుకోవచ్చు, అధికారి మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాలి. అధికారి ఇంగ్లీషులో చెప్పిందే బృందం రాసుకుంటుంది. బృందం ముందు అధికారులెవరూ తెలుగులో నోరు తెరవకూడదు, తెరిస్తే జిల్లాకే తలవంపులు. ఇంగ్లీషులో చెప్పే పని తనే చూసుకుంటానన్నాడు. నేను చేను చూపిస్తే చాలు.

అలా ఎంచిన చేను ఒక నడివయసు రైతుది. నాలుగెకరాల ఎర్ర నేల, ఒక జత ఎద్దులు, మాటల్లో పొదుపు. ఉదయం పది గంటలకు రావలసిన జీపులు ఒంటిగంటన్నరకు వచ్చాయి. అప్పటికి మా పై అధికారి, తాసిల్దారు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చినవాళ్ళందరూ ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళిపోయారు, భోజనాల ఏర్పాటు చూడటానికి. జిల్లాలో ఉన్న ఇంగ్లీషంతా ఆ పూట కోడి కూర దగ్గర కూర్చుంది. చేను గట్టు మీద నేనూ, ఆ రైతూ మిగిలాం.

ముగ్గురు దిగారు. పొడుగ్గా ఉన్న ఉత్తరాది ఆయన పెద్ద. ఇంకొకాయన టోపీ పెట్టుకున్నాడు. మూడో ఆయన పొట్టిగా, లావు కళ్ళద్దాలతో, చేతిలో నోటు పుస్తకంతో ఉన్నాడు. రాసుకునేది ఆయనే. పొడుగాయన చేనంతా ఒకసారి చూసి, పైరు ఇంత బాగుంటే కరువంటారేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

నేను ఇంకా మాట వెతుక్కుంటుండగానే రైతు వంగి రెండు మొక్కలు పీకాడు. మన్ను దులిపి, వేర్లు పైకి తిప్పి వాళ్ళ ముందు పట్టుకున్నాడు.

"చూడండి సామీ. పైన పచ్చగుండాది. పూత కాలంలో నలభై దినాలు చుక్క రాల్లేదు. నేల బండయిపోయె, ఊడలు దిగల్యా. ఇప్పుడు వానొచ్చి ఆకు పచ్చబడె. ఆకు తిని బతుకుతామా? కింద ఏముండాదో చూడండి. ఒగ బుడ్డ ల్యా. ఎద్దులకు గడ్డన్నా ఇయ్యండి సామీ, అవి బతికితే మేము బతుకుతాం."

ఇంతకంటే బాగా ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు. నేను చేయవలసింది ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పడమే. పూతకు ఇంగ్లీషు మాట తెలుసు, ఊడకు తెలుసు, నలభై రోజులు తెలుసు. మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ వరసలో నిలబడటం లేదు. నా పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. పొడుగాయన గడియారం చూసుకున్నాడు. అప్పటికే ఆయనకు ఆకలి వేస్తోంది. చివరికి ఆయనే నాకు సాయం చేయబోయినట్టు, "సో, ఇట్ ఈజ్ ఎ గుడ్ క్రాప్?" అన్నాడు.

నాకు ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైంది. ఎవరూ దీన్ని భాష తెలియని అమాయకుడి పొరపాటుగా తీసుకోకండి. జవాబు 'నో' అని తెలుసు. ఆ మాట ఒకటో తరగతి పిల్లవాడికి కూడా వస్తుంది. కానీ నో అంటే ఎందుకని అడుగుతారు. ఎస్ అంటే ఎవరూ ఏమీ అడగరు. నేను "ఎస్ సార్" అన్నాను.

కళ్ళద్దాల ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. జీపులు కదిలాయి. అవి మలుపు తిరిగి దుమ్ము అణగకముందే, నా నోట్లోంచి పూర్తి ఇంగ్లీషు వాక్యం, పూత, ఎండ, ఊడలు, కాయలు, ఒక్క తప్పు లేకుండా బయటికొచ్చింది. గట్టిగానే అన్నాను. వినేవాడు లేడు.

రైతు ఇంకా ఆ మొక్కలు పట్టుకునే ఉన్నాడు.

"ఏమంటాండావప్పా?" అన్నాడు.

"ఏం లేదు" అన్నాను.

మా ఫిర్కా జాబితాలోకి రాలేదు. పక్క ఫిర్కాలో నాలుగు తుంపర్లు తక్కువ పడి చేలు ఎండిపోయాయి, అది ఎక్కింది. మాకు గడ్డి డిపో రాలేదు, పనులు రాలేదు. సంక్రాంతి దాటకముందే ఆ రైతు ఎద్దులను సంతలో అమ్మేసి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని బెంగళూరుకు కూలికి పోయాడు. పోయేముందు నేను వెళ్ళి కలిశాను. తిడతాడేమోనని వెళ్ళాను, తిడితే బాగుండుననే వెళ్ళాను.

"పోనీలేప్పా" అన్నాడు, అంతే.

నాకేమో పచ్చటి చేను ఎందుకు చూపించావని మెమో వచ్చింది. కోడి కూర చూసుకోవడానికి పోయినాయనే సంతకం పెట్టాడు. ఆ సంతకం మీద నాకు ఇప్పటికీ కోపమే. సంజాయిషీ మూడు పేజీలు రాశాను, సూపరింటెండెంటు మెచ్చుకున్నాడు. ఎంత సిగ్గులేనితనమో చూడండి. చెప్పవలసిన చోట ఒక్క వాక్యం చెప్పలేనివాణ్ణి, నా ఉద్యోగం కాపాడుకోవడానికి మూడు పేజీలు తప్పు లేకుండా రాశాను.

ఆ మూడు పేజీలూ టైపు చేసింది మా ఆఫీసు టైపిస్టు. గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి, మిషన్ బళ్ళో చదువుకున్న క్రైస్తవుల అమ్మాయి. మా ఆఫీసులో నిజంగా ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. సూపరింటెండెంటు తప్పులతో చెప్పింది ఆమె చప్పుడు చేయకుండా దిద్దుకుంటూ టైపు కొట్టేది. జిల్లాలో పేరు ఆయనకు వచ్చేది. ఆమెకు ఏటేటా టైపు మిషను రిబ్బన్లు వచ్చేవి. బృందం వచ్చిన రోజు ఆమెను పిలుచుకుపోదామని మాలో ఒక్కడికీ తట్టలేదు, నాతో సహా. టైపిస్టు, అందులోనూ ఆడమనిషి.

కాగితాలు నా చేతికిస్తూ ఆమె అంది. "ఇంత బాగ రాసినారు కద సార్, ఆ పొద్దు ఎందుకు చెప్పలేకపోతిరి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా జరిగింది చెప్పాను. ముందు తెలుగులో కట్టుకుంటానని, తర్వాత మారుస్తానని.

"అదే సార్ తప్పు. మీరు తెలుగు పొయ్యి మీద అన్నం వండి, దాన్ని తీసి ఇంగ్లీషు గిన్నెలోకి పోస్తాండారు. అంతలోకి వచ్చినోడు ఆకెత్తేసి పోతాండాడు. వండేదే ఆ గిన్నెలో వండండి."

"ఎట్ల?"

"మీకు చేలు తెలుసు కద. సైకిలు మీద పోతా, కండ్లకు ఏం కనపడితే అది ఇంగ్లీషులో చెప్పుకోండి. గట్టిగ, నోరు తెరిచి చెప్పల్ల. మాట దొరక్కపోతే చుట్టు తిరిగిపోండి. తెలుగులోకి మాత్రం దిగాకండి. తప్పొస్తే రానీయండి, చేలకేం తెలుసు?"

ఇంతకంటే ఎక్కువ ఎవరూ నాకు ఇంగ్లీషు నేర్పలేదు. మీరు లక్షలు పోసి చేరే కోచింగుల్లో ఏం నేర్పుతారో నాకు తెలియదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. మొదట్లో బడిపిల్లల పాఠమే. ఇది రాయి, అది మేక, ఆ మనిషి నడుస్తున్నాడు. తర్వాత కారణాలు చెప్పడం మొదలుపెట్టాను. ఈ చేను పలచగా ఉంది, ఎందుకంటే విత్తనం పాతది. ఈ గట్టు తెగింది, ఎందుకంటే పై వాడు నీళ్ళు ఇటు మళ్ళించాడు. మాట దొరకని చోట చుట్టు తిరిగాను. పదును అనే మాటకు ఇంగ్లీషు ఎంత వెతికినా దొరకలేదు. విత్తడానికి సరిపడా తడి ఉండి, పిడికిట బిగిస్తే ముద్ద కట్టి, వేలితో తాకితే విడిపోయే నేల అని చెప్పుకోవలసి వచ్చింది. అలా చెప్పుకున్నాకే పదునంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది. పుట్టినప్పటి నుంచీ వాడిన మాట.

గొర్రెల కాపరులు సైకిలు దిగి చేలతో మాట్లాడే నన్ను చూసి, సారుకు గాలి సోకిందని ఊళ్ళో చెప్పారు. ఒక ముసలమ్మ తాయెత్తు కట్టించుకోమంది. ఇంట్లో నా భార్య, "ఇంగ్లీషు దండిగ మాట్లాడతాడు, ఉప్పు తెమ్మంటే మరిచిపోతాడు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. సూపరింటెండెంటయితే ఆఫీసులో నేను అడుగుపెట్టగానే "గుడ్ మార్నింగ్ దొరగారూ" అని లేచి నిలబడేవాడు. అందరూ నవ్వేవారు. టైపిస్టు నవ్వేది కాదు.

అది ఎప్పుడు పట్టుబడిందో చెబుతాను. రెండేళ్ళు గడిచాక, ఒకరోజు ఆ సూపరింటెండెంటే ఎవరితోనో, మా ఫిర్కా రైతులు దొంగలు, పంట దాచుకుని కరువని ఏడ్చారు అంటున్నాడు. "దట్ ఈజ్ నాట్ ట్రూ" అన్నాను. నేనే బెదిరిపోయాను. ఆ నాలుగు మాటల వెనక తెలుగు లేదు. కోపం సరాసరి ఇంగ్లీషులో పుట్టింది. తర్వాత మరో పది వాక్యాలు ఆగకుండా వచ్చాయి. సూపరింటెండెంటు మళ్ళీ ఆ అటెండరు వైపే చూశాడు. ఇంగ్లీషు ప్రేమతో వస్తుందని చెప్పేవాళ్ళు ఉండొచ్చు. నాకు మాత్రం కోపంతోనే వచ్చింది.

మధ్యలో రాయదుర్గం వైపు ఐదేళ్ళు పనిచేసి, ఎనభైల నడిమిలో మళ్ళీ ఆ కుందుర్పి వైపుకే వచ్చాను. అప్పుడే సమితులు పోయి మండలాలు వస్తున్నాయి. సూపరింటెండెంటు రిటైరయ్యాడు. టైపిస్టు పెళ్ళి చేసుకుని గుంతకల్లుకు బదిలీ చేయించుకుంది, అక్కడా టైపిస్టుగానే. నేను వచ్చిన రెండో ఏడే మళ్ళీ అలాంటి పచ్చ కరువు వచ్చింది. పూతకాలంలో ఎండ, ఆలస్యంగా వాన, పచ్చటి చేలు, కింద శూన్యం. మళ్ళీ బృందం వస్తోందన్నారు. ఈసారి భోజనాల సంగతి నేను ముందే మాట్లాడి, ఆ పని వేరేవాళ్ళకు అప్పగించి, తెల్లారేసరికల్లా వచ్చి గట్టు మీద నిలబడ్డాను.

నలుగురు దిగారు. జుట్టు నెరిసిన పెద్దాయనను చూడగానే గుర్తుపట్టాను. ఆనాటి లావు కళ్ళద్దాల ఆయనే. ఇప్పుడు ఆయనే నాయకుడు, పుస్తకం మోసేవాడు ఇంకొకడు. మా జిల్లా అధికారి, అప్పటికి కొత్తాయన, అక్టోబరులో మంచి వర్షం పడింది సార్ అంటూ ఎక్కడ మొదలుపెట్టకూడదో అక్కడే మొదలుపెట్టాడు. నేను ఆయనకు అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

రెండు మొక్కలు నేనే పీకాను. మూడు నిమిషాలు మాట్లాడాను. ఏ వారంలో పూత వచ్చింది, అప్పుడు నేల ఎలా ఉంది, ఊడ ఎందుకు దిగలేదు, ఈ ఆకు ఎప్పుడు తొడిగింది, ఈ ఆకును నమ్మి వెళ్ళిపోతే వచ్చే ఎండాకాలానికి ఈ ఊళ్ళో ఎన్ని పశువులు మిగులుతాయి, అన్నీ. వాళ్ళు అడిగారు, నేను చెప్పాను. ఒకాయన కాదేమో అన్నాడు, కాదంటే మీరే ఏ చేనులోనైనా దిగి ఏ మొక్కైనా పీకండి అన్నాను. దిగారు. పీకారు. పుస్తకం మోసేవాడు ఆగకుండా రాశాడు. పదేళ్ళ నుంచి గొంతులో అడ్డంపడి ఉన్నది ఆ పూట బయటికొచ్చింది. నాకు గర్వంగా అనిపించింది. దాచను.

తక్కినవాళ్ళు జీపుల వైపు నడిచాక, నెరిసిన జుట్టాయన ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "చాలా బాగా చెప్పారండీ."

తెలుగులో. చక్కటి కోస్తా తెలుగులో.

"మీరు తెలుగువారా సార్?" అన్నాను.

"అవునండీ, మాది కోస్తానే. అప్పట్లో కూడా మిమ్మల్ని ఇక్కడే చూశానండి. ఆ రైతు చెప్పిందంతా నాకు తెలిసింది. కానీ ఏం చేస్తాం? అధికారి నోటి నుంచి ఇంగ్లీషులో రాకపోతే మేం రాసుకోవడానికి ఉండదు. నా అంతట నేను విని రాస్తే, మనవాళ్ళను వెనకేసుకొస్తున్నాడని మా పెద్దాయన అనుకుంటాడు. మీరేమో ఎస్ అనేశారు. ఈసారి మాత్రం బ్రహ్మాండంగా చెప్పారు."

పదేళ్ళు చేలతో, రాళ్ళతో, మేకలతో మాట్లాడాను. తాయెత్తు మాట పడ్డాను. ఒక రైతు ఎద్దులు సంతలో పోయాయి, అతని సంసారం బెంగళూరులో ఇసుక మోసింది. ఇదంతా ఎందుకయ్యా అంటే, తెలుగు తెలిసిన మనిషికి తెలుగు మాట చేర్చడానికి. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆ క్షణాన నన్ను వదిలి పారిపోయింది.

"ఆ పొద్దు యాడికి పోయింది సార్ మీ తెలుగు?" అని అరిచాను. "ఎద్దులు సచ్చినా పర్వాల్యా, మీ పెద్దాయన ఒగ మాట అంటాడని నోరు మూసుకుంటివా?"

మా జిల్లా అధికారి పరుగెత్తుకొచ్చాడు. నెరిసిన జుట్టాయన తల వంచుకుని జీపెక్కాడు. న్యాయంగా చెప్పాలి, మా ఫిర్కాను జాబితాలో పెట్టాడు. నెలలోపల గడ్డి డిపో వచ్చింది. నెలలోపలే నాకు కదిరి వైపు బదిలీ కూడా వచ్చింది. అమర్యాద ప్రవర్తన అని కారణం రాశారు, ఇంగ్లీషులో. దాన్ని చదవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం లేకపోయింది.

కదిరిలో చేరేముందు ఆ ఊరికి వెళ్ళాను. ఆ రైతు బెంగళూరు నుంచి తిరిగొచ్చి అప్పటికి ఐదారేళ్ళయింది. ఎద్దులు మళ్ళీ సమకూడలేదు, రెండు బక్క ఆవులున్నాయి. గడ్డి డిపో దగ్గర తన వంతు గడ్డి తీసుకుని, మోపు కట్టుకుంటూ కనిపించాడు. ముసలివాడయిపోయాడు. నేను పక్కన కూర్చుని, లోపలున్న కోపమంతా వెళ్ళగక్కాను. ఆ కళ్ళద్దాల మనిషికి తెలుగొచ్చని, ఆ రోజు నువ్వు చెప్పిందంతా అర్థమై కూడా ఊరుకున్నాడని. అతనూ నాతో కలిసి తిడతాడని, తిడితే నాకు కొంచెం బరువు దిగుతుందని ఆశపడ్డాను.

"నాకు ఆ పొద్దే తెలుసప్పా" అన్నాడు, తాడు బిగిస్తూ.

"ఎట్ల తెలుసు?"

"నేను మాట్లాడతాంటే తక్కిన ఇద్దరూ నీ నోటి తట్టు చూస్తాన్న్యారు, ఎప్పుడు చెప్తావా అని. ఆయప్ప నా నోటి తట్టు చూస్తాన్న్యాడు. తెలుగు రానోడు నా నోరు యాల చూస్తాడు?"

"మరి ఆయప్పనే ఎందుకు అడగలేదు? గట్టిగ నిలదీసి అడగాల్సింది కదా!"

అతను తాడు ముడి వేసి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకున్నాడు. అప్పుడు నా మొహం చూశాడు.

"ఇంకేం అడగల్లప్పా? చెప్పాల్సిందంతా చెప్తి కదా. ఆ పొద్దు ఆ గట్టు మీద తెలుగొచ్చినోళ్ళు ముగ్గురుంటిమి. నోరు తెరిచినోణ్ణి నేనొగన్నే."

మోపు తల మీదికి ఎత్తమని చేత్తో సైగ చేశాడు. లేచి, ఎత్తాను.